అరటిచెట్టు దెయ్యానికి కొత్త ముఖం

సమ్లీ కెవ్వుమని అరిస్తే ఆ సందులో ఎవరూ తల తిప్పి చూడరు. కాలువ మీద చెక్కపలకల దారి, దానికి అటూ ఇటూ కర్రల మీద నిలబడ్డ ఇళ్ళు. ఒక ఇంట్లో తుమ్మితే నాలుగో ఇంట్లోవాళ్ళు చిరంజీవ అనేంత దగ్గర. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మాత్రం మొదటిసారి ఆ అరుపు విని గరిట చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చేవారు. దారి మొదట్లో కొబ్బరి అప్పాలు కాల్చే ఛూమ్ పెద్దమ్మ పెనం మీంచి కళ్ళెత్తకుండానే వాళ్ళను ఆపేది.

"ఏం కాలేదులే తల్లీ. ఆవిడ చచ్చి దెయ్యమయింది. ఆయన బొమ్మ గీసుకుంటున్నాడు. నువ్వెళ్ళి కూర చూసుకో, మాడుతుంది."

ఆయన పేరు ప్రయోంగ్. బ్యాంకాక్‌లో నదికి ఇవతలి ఒడ్డున, తోన్‌బురీ కాలువల మధ్య, ఒక బాట్ నాణేనికి ఒకటి చొప్పున అమ్మే దెయ్యాల బొమ్మల కథలు గీసి బతుకుతున్నాడు. అరచేతిలో పట్టే పుస్తకాలవి. పడవ ఎక్కేటప్పుడు కొని దిగేలోపు చదివేయొచ్చు. బస్సు కండక్టర్లు, కుట్టుమిల్లు అమ్మాయిలు, క్షవరానికి వరసలో కూర్చున్నవాళ్ళు, అందరూ చదివేవారు. వారానికో పుస్తకం. కథ ఆయనదే, గీతా ఆయనదే. దెయ్యం మాత్రం సమ్లీ.

పెళ్ళాన్ని చూడకుండా దెయ్యాన్ని గీయడం ప్రయోంగ్‌కి చేతకాదు. సోమవారం పొద్దున్నే ఆమె జుట్టు విరబోసుకుని, ముఖానికి సుద్దపొడి పులుముకుని, పాత దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడేది. ఊరికే నిలబడితే చాలదు, అరవాలి. అరుపు వింటేగాని నోరు ఎంత తెరుచుకుంటుందో, మెడ నరాలు ఎక్కడ ఉబ్బుతాయో ఆయన చేతికి తెలిసేది కాదు.

అరవడం ఆమెకు వచ్చిన విద్యే. పడుచుతనంలో సమ్లీ మందుల కంపెనీ సినిమా బండిలో పనిచేసింది. ఆ బండి ఊరూరా తిరిగి బడి మైదానంలో తెర కట్టేది, ఊరికే సినిమా వేసేది, కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి దగ్గు మందూ కడుపునొప్పి పొడీ అమ్మేది. ఆ సినిమాలకు మాటలుండేవి కావు. తెర పక్కన మైకు ముందు కూర్చుని ఒక ముసలాయన మగవాళ్ళందరికీ, సమ్లీ ఆడవాళ్ళందరికీ గొంతు ఇచ్చేవారు. తల్లీ ఆమే, కూతురూ ఆమే, అత్తా ఆమే, దెయ్యమూ ఆమే. బండికి గుడ్డమీద పోస్టర్లు రాయడానికి చేరిన ప్రయోంగ్ మొదటి రాత్రి తెర వైపు చూడనే లేదు. తెరమీద కథానాయిక చనిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. మైదానం మొత్తం ముక్కులు చీదుతోంది. ఆ ఏడుపు ఏడుస్తున్న పిల్ల మాత్రం ఒక చేత్తో మైకు పట్టుకుని, రెండో చేత్తో వేరుశనగకాయలు వలుచుకు తింటోంది. ఆ రాత్రికి అతని పని అయిపోయింది.

తర్వాత సినిమాలు తమ మాటలు తామే మాట్లాడటం నేర్చుకున్నాయి. బండి మూలపడింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పట్నం వచ్చేశారు.

ఇద్దరి ఇష్టాలకూ ఎక్కడా పొత్తు లేదు. ఆయనకు పల్లెపాటలు పాడే ఒక గాయని అంటే ప్రాణం. ఎరువుల కొట్టువాడు ఆమె బొమ్మతో వేసిన క్యాలెండర్లు, ఏళ్ళు గడిచిపోయినవి కూడా, గోడ మీదే ఉండేవి. "అది తారీకులు చూసే గోడా, మొక్కుకునే గోడా?" అని సమ్లీ దెప్పేది. ఆమెకు టీవీలో సాయంత్రం వచ్చే చైనా కత్తియుద్ధాల సీరియల్ కావాలి. కథ కోసం కాదు, దానికి థాయ్ మాటలు చెప్పేవాళ్ళతో తగువు పెట్టుకోవడానికి. "ఏడవ్వే! గొంతులో అన్నం ముద్ద ఇరుక్కున్నట్టు ఆ ఏడుపేంటి? మొగుడు చచ్చాడక్కడ!" అని టీవీ ముందు కూర్చుని అరిచేది. ఆ వేళకి పక్కింటివాళ్ళు తమ టీవీ కట్టేసి ఈమెను వినేవారు.

అలా హాయిగా సాగిపోతున్న కాపురంలో ఒక శనివారం చిన్న ముల్లు దిగింది.

శనివారం పేజీలు అప్పజెప్పే రోజు. నది దాటి చైనావాళ్ళ పేటలో ఉన్న ప్రెస్సుకి వెళ్ళాలి. ప్రెస్సు యజమానురాలిని చిన్నా పెద్దా అందరూ జే లాన్ అనేవారు, లాన్ అక్కా అన్నట్టు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. పేజీలు తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది.

"ప్రయోంగూ, నీ దెయ్యానికి ఎన్నేళ్ళు?"

"అది ఎప్పుడు చచ్చిందన్నదాన్ని బట్టి జే."

"వేళాకోళం ఆపు. రేవు దగ్గర పుస్తకాలమ్మేవాడు ఏమన్నాడో తెలుసా? మీ దెయ్యాన్ని చూస్తే భయమెయ్యట్లేదు, అన్నం తిన్నావా నాయనా అని అడగబోయే మేనత్తలా ఉంది అన్నాడు. ఒకడంటే పోనీలే అనుకుంటాను. ముగ్గురన్నారు. ఈసారి నాకు పడుచు దెయ్యం కావాలి. చచ్చినప్పుడు ఇరవై దాటకూడదు."

ప్రయోంగ్ నోట్లో నాలుక లేనివాడు. తల ఊపి బయటపడ్డాడు. పడవలో కూర్చుని, ఇంటికెళ్ళి ఈ మాట ఎలా చెప్పాలా అని రకరకాలుగా అనుకున్నాడు. ఏ రకంగా అనుకున్నా చివర్లో 'నువ్వు ముసలిదానివయ్యావట' అనే వస్తోంది.

గుమ్మంలోనే అడిగింది సమ్లీ. "జే ఏమందయ్యా?"

"బాగుందంది."

ఆదివారం మధ్యాహ్నం ఆమె కాలువ మెట్ల మీద కూర్చుని, కాల్చిన దబ్బకాయ రసంతో తల రుద్దుకుంటోంది. మర్నాటి దెయ్యం వేషం కోసమే ఆ తలంటు. ఒకప్పుడు మోకాళ్ళ దాకా ఉండే జుట్టు ఇప్పుడు నడుం దాటడం లేదు. అయినా అంత శ్రద్ధగా ప్రతి పాయనూ విడదీసి కడుక్కుంటుంటే ప్రయోంగ్‌కి ప్రాణం ఉసూరుమంది.

"ఈ వారం నువ్వు అక్కర్లేదేమోనే సమ్లీ. కథంతా చెట్లూ, మంచూ."

"దెయ్యం లేని దెయ్యాల కథా?"

"చివర్లో వస్తుంది."

"అయితే చివర్లో పిలువు."

సోమవారం ఆయన కాలువ అవతల ఉన్న బ్యూటీ పార్లర్‌కి వెళ్ళాడు. అక్కడ పనిచేసే రేవదీకి పందొమ్మిదేళ్ళు. సన్నగా, చలాకీగా ఉంటుంది. జుట్టు ఆరబెట్టుకునే ఆడవాళ్ళకు ప్రయోంగ్ పుస్తకాలు అందించేది ఆ పిల్లే.

"ఏం బాబాయ్, కత్తిరించుకుంటారా? కత్తిరించడానికి మిగిలిందేముందని?"

ప్రయోంగ్ నున్నటి తల తడుముకుని, వచ్చిన పని గొణిగాడు.

"దెయ్యంగానా! నేనా!" రేవదీ చేతిలోని దువ్వెన కింద పడేసింది. "అందంగా ఉంటుందా మరి?"

"చచ్చిపోయింది గదమ్మా."

"చచ్చిపోతే లిప్‌స్టిక్ చెరిగిపోవాలా ఏంటి? ఇంకోటి. నా ముక్కు కాస్త ఎత్తుగా వెయ్యాలి. అలాగైతేనే."

ఆ వారం కథ పేరు 'అరటితోట కోడలు'. అత్త చేతిలో చచ్చి, అరటి పిలకల కింద పాతిపెట్టబడ్డ కొత్త కోడలు దెయ్యమై లేవడం. పార్లర్ వెనక అరటి గుబురు ఉంది. రేవదీని అక్కడ నిలబెట్టి అరవమన్నాడు. బొద్దింక పాదం మీద పాకినట్టు కీచుమంది, ఆ వెంటనే పకపకా నవ్వేసింది. కిటికీలోంచి తలనిండా రోలర్లు చుట్టుకున్న ఆడవాళ్ళు సలహాలిస్తున్నారు. ఎలాగో నాలుగు గీతలు గీసుకుని బయల్దేరాడు.

"సమ్లీ పిన్నికి తెలుసా బాబాయ్?" అంది రేవదీ వెనకనుంచి.

"చెబుతాను."

"చెప్పలేదా! అమ్మ బాబోయ్, నాకేం తెలీదు, నన్నీ గొడవలోకి లాగకండి!"

ఆ కేక కాలువ ఇటు ఒడ్డుదాకా వినిపించింది.

మంగళవారం సమ్లీ అప్పాలు కొనడానికి వెళ్ళింది. ఛూమ్ పెద్దమ్మ అప్పాలు ఆకులో సర్దుతూ, పొగలోంచే నవ్వింది.

"ఏమే సమ్లీ, నీకు సవతి దెయ్యం వచ్చిందటగా?"

సమ్లీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి అక్కడ మనుషులకు కొదవ లేదు. అంతా విని, అప్పాలు తీసుకుని, "పెద్దమ్మా, ఇవాళ కొబ్బరి బాగా వేశావే" అని మెచ్చుకుని ఇంటికొచ్చింది.

ప్రయోంగ్ ఆమె ముఖం చూసి, తిట్లకోసం సిద్ధంగా మెడ వంచుకున్నాడు. ఒక్క తిట్టూ రాలేదు. అప్పాల ఆకు బల్ల మీద, సిరా తగలనంత దూరంలో, జాగ్రత్తగా పెట్టి లోపలికెళ్ళింది.

అక్కణ్ణుంచి మొదలైంది నిశ్శబ్దం. వంట చేసింది, వడ్డించింది, సిరా మరకల చొక్కా ఉతికింది. మాట మాత్రం లేదు. రేడియో పెట్టలేదు. సాయంత్రం చైనా సీరియల్లో ఒకావిడ మొగుడి శవం మీద పడి, గొంతులో అన్నం ఇరుక్కున్నట్టే ఏడ్చింది. సమ్లీ చేతులు ఒళ్ళో పెట్టుకుని మర్యాదగా చూసింది. ఇన్నేళ్ళుగా గీసిన ఏ దెయ్యమూ ప్రయోంగ్‌ని అంతగా బెదరగొట్టలేదు. పక్కింటావిడ గోడ అవతల నుంచి, "సమ్లీకి జ్వరమా అన్నయ్యా? గొంతు వినపడట్లేదు" అని అడిగింది.

బుధవారం పని సాగలేదు. అరటిచెట్టు కింద పిల్ల షాంపూ ప్రకటనలా వచ్చింది. కళ్ళకింద నల్లగా పూస్తే, నిద్రలేని షాంపూ ప్రకటన అయింది. నాలుక బయటికి పెడితే ఐస్‌క్రీం నాకుతున్నట్టుంది. కాగితాలు ఉండలు చుట్టి పారేశాడు. మధ్యాహ్నం లేచి సంతకు వెళ్ళి, గుమ్మడికాయలో కొబ్బరిపాలూ గుడ్డూ పోసి ఆవిరి మీద ఉడికించిన తీపి కొనుక్కొచ్చాడు. సమ్లీకి అదంటే ఇష్టం. ఆమె సగం తిని, మిగతా సగం ఆయన కోసం మూతపెట్టింది. విసిరికొట్టినా బాగుండేది.

"సమ్లీ..."

"ఊఁ."

"ఏం లేదు."

గురువారం పొద్దున మబ్బు పట్టింది. వరండాలో దండేనికి ఒక పక్క ఉతికిన బట్టలు, ఇంకో పక్క ఆరుతున్న పేజీలు. క్లిప్పులు రెంటికీ ఒకటే. సమ్లీ బట్టలు తీస్తూ తీస్తూ పేజీల దగ్గరికొచ్చింది. చూడకూడదనే అనుకుంది. మొగుడి మీద కోపం వేరు, దెయ్యం వేరు. బట్టలు భుజాన వేసుకుని, ఒక పేజీ అంచు పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"ఇదేంటి?"

ప్రయోంగ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "దెయ్యం."

"ఇది దెయ్యమా! దీన్ని చూసి ఎవడు భయపడతాడయ్యా? కుర్చీ వేసి, ఐస్ కాఫీ తెప్పించి, ఏ ఊరమ్మా మీది అని అడుగుతారు."

"నీకు కోపమొచ్చిందని..."

"వచ్చింది. రాదా? ముసలిదాన్నయ్యానన్నందుకు కాదు. అద్దం మనింట్లో కూడా ఉంది. జే నీకు చెప్పిన మాట నువ్వు నాకు చెప్పాలి. నువ్వు ఎవరికి చెప్పావు? రేవదీకి! రేవదీకి చెప్పడమంటే రేవులో మైకు పెట్టి చెప్పడం. నా మొగుడి సంగతి అప్పాలు కొనబోతే నాకు తెలిసింది."

"భయమేసిందే."

"ఎవరంటే?"

"నువ్వంటే."

"దెయ్యాలు గీసుకు బతికేవాడికి పెళ్ళామంటే భయమా!"

"దెయ్యాలు నేను గీస్తేనే వస్తాయి. నువ్వలా కాదుగా."

సమ్లీ ఒక చొక్కా దులిపి మడతపెట్టింది. పెదవి చివర కాస్త వంకర తిరిగింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆ పెదవిని గీస్తున్న మనిషికి ఆ వంకరకు అర్థం తెలుసు.

"తప్పయిపోయింది సమ్లీ."

"తప్పే. ఇంకోసారి ఇలా చేశావంటే అన్నం పెడతాను, మాట మాత్రం పెట్టను. ఇప్పుడెళ్ళి ఆ పిల్లని పిలుచుకురా. శనివారానికి రెండ్రోజులు కూడా లేవు. ఈ షాంపూ దెయ్యాన్ని తీసుకెళ్తే జే నిన్ను నదిలో తోస్తుంది."

రేవదీ దోషిలా తలవంచుకుని వచ్చింది. "పిన్నీ, నాకసలు ఇష్టం లేదు పిన్నీ, బాబాయే..."

"ముక్కు ఎత్తుగా వెయ్యమన్నావట?"

"...కొంచెం."

"కూర్చో. జుట్టు విప్పు. ఇలా ముడివేసుకుని ఎవత్తీ చావదు." సమ్లీ తన దుప్పటే ఆ పిల్లకు కప్పింది. సుద్దపొడి తన చేత్తోనే పూసింది. "ఇప్పుడు అరవు."

రేవదీ కీచుమంది. బయట ఎవరో నవ్వారు. అప్పటికే గుమ్మం దగ్గర నలుగురు చేరారు.

"చూడు పిల్లా," అంది సమ్లీ, దాని ఎదురుగా నేలమీద చతికిలబడి. "దెయ్యం అరిచేది మనల్ని భయపెట్టాలని కాదు. బతికుండగా దాని మాట ఒక్కరూ వినలేదు, అందుకు అరుస్తుంది. నీ మాట ఎవరూ వినిపించుకోని రోజొకటి ఉంటుంది గదా. తల్చుకో."

రేవదీ దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "కిందటి నెల్లో ఒకావిడ జుట్టు పాడైంది పిన్నీ. రంగు కలిపింది ఓనరమ్మ. పార్లర్ నిండా మనుషులుండగా నన్ను నిలబెట్టి తిట్టింది. నేను కాదండీ, నేను కాదండీ అంటూనే ఉన్నాను..."

"ఆఁ. ఆవిడ వినలేదు."

"వినలేదు."

"ఇప్పుడు చెప్పు మరి."

ఆ పిల్ల నోరు తెరిచింది. సన్నగా, ఎక్కడో లోపలి నుంచి మొదలై, ఆ అరుపు ఇంటి చూరును తాకి కాలువ మీదుగా పోయింది. గుమ్మంలో నవ్వుతున్నవాళ్ళు ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. అప్పుడే దారి మొదట్లో పెద్ద చప్పుడైంది. ఇన్నేళ్ళలో ఏ అరుపుకీ కన్నెత్తని ఛూమ్ పెద్దమ్మ పిండి గిన్నె జారవిడిచి, చీపురు పట్టుకుని రొప్పుతూ వచ్చింది.

"ఎవరే! ఈసారి నిజంగానే ఎవరన్నా చచ్చారా?"

ప్రయోంగ్ ఈ లోకంలో లేడు. కలం కాగితం మీద పరుగెడుతోంది. సమ్లీ మాత్రం రేవదీ ముక్కు తుడిచి, మంచినీళ్ళిచ్చింది. నీళ్ళు తాగి తేరుకుని ఆ పిల్ల అడిగింది.

"ఇంతకీ నన్నెవరు చంపారు బాబాయ్?"

"మీ అత్త. సూపులో విషం కలిపి."

"అత్తెవరు?"

సమ్లీ దండెం మీది మూడో పేజీ వైపు చూసింది. కొప్పు పెట్టుకుని, కనుబొమలు పైకెత్తి, కోరలు కనబడేలా నవ్వుతున్న ఒక ముసలావిడ ఉంది అందులో.

"ఇదా అత్త? దీన్ని చూసి కూడా సూపు తాగిందంటే ఈ పిల్ల దెయ్యం కావాల్సిందే, బుద్ధి తక్కువై." ఆమె వంటింట్లోకి వెళ్ళి ఒక గిన్నె తెచ్చింది. అందులో ఏమీ లేదు. రేవదీ ఎదురుగా కూర్చుని, దాని చెంప మీది వెంట్రుకలు చెవి వెనక్కి సర్దింది. కళ్ళల్లో అంత ప్రేమ. గొంతు తేనెలా ఉంది.

"తాగు తల్లీ. వేడి చల్లారిపోతుంది. నీకోసమని నా చేత్తో చేశాను."

రేవదీ కూర్చున్న చోటే వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. ప్రయోంగ్ కలం సిరాలో ముంచుతూ, "కదలకు సమ్లీ, అలాగే ఉండు, అలాగే" అన్నాడు.

ఆ మధ్యాహ్నమంతా గీశాడు. పాత పేజీలు అన్నీ పక్కన పడేసి మొదటి నుంచి మొదలుపెట్టాడు. అప్పటిదాకా ఆయన కథల్లో దెయ్యం వస్తేగాని భయం వచ్చేది కాదు. ఈ కథలో అత్త కోడలికి పువ్వులు పెట్టినా, మంచం మీద దుప్పటి సర్దినా గుండె దడదడలాడుతోంది.

శుక్రవారం ఇద్దరూ బల్లకి చెరో పక్కా కూర్చున్నారు. గీత ఆయనది, నలుపు నింపడం ఆమెది. ఎప్పుడూ అంతే. రాత్రి ఆకాశాలు, జుట్టు, నీడలు సమ్లీ కుంచెవే. రేడియోలో ఆయన గాయని పాడుతుంటే ఆమె ఆ గొంతునే పట్టుకుని, మాటలు మార్చి, ఆయన బట్టతల మీద పాడింది. ఆయన నవ్వితే గీత వంకరపోయింది. బ్లేడుతో గీకి సరిచేసుకున్నాడు. అట్ట బొమ్మ దగ్గర మాత్రం తగువు తప్పలేదు.

"అట్ట మీద అత్త చేతులూ, సూపు గిన్నే ఉండాలి. పెద్దగా. దెయ్యం వెనకాల చిన్నగా," అంది సమ్లీ.

"దెయ్యాల పుస్తకం మీద సూపు గిన్నె వేస్తే వంటల పుస్తకమనుకుంటారే."

"అనుకోనీ. కొని వండుకుంటారు."

చివరికి దెయ్యం పెద్దదే అయింది. కాని అది అరటాకుల మధ్యనుంచి చూస్తున్నది గిన్నె వైపు. ఇద్దరూ తామే నెగ్గామనుకున్నారు.

శనివారం సమ్లీ మంచి జాకెట్టు వేసుకుని, "నేనూ వస్తాను పద" అంది. ఎన్నో ఏళ్ళయింది ఆమె ప్రెస్సు గుమ్మం తొక్కి. జే లాన్ పేజీలు తిరగేయడం మొదలుపెట్టింది. మామూలుగా చదువుతూ ఫోనులో మాట్లాడుతుంది, కుర్రాళ్ళను కేకలేస్తుంది. ఆ రోజు ఫోను మోగితే ఎత్తి కింద పెట్టేసింది. చివరి పేజీ అయ్యాక మళ్ళీ మూడో పేజీకి వెళ్ళింది.

"దెయ్యం బాగుంది. పిల్ల పడుచుది, అరుపు కనబడుతోంది," అని ఆగింది. "మా అత్తగారు పోయి చాలా కాలమైంది ప్రయోంగూ. నువ్వామెను చూడనుకూడా చూడలేదు. ఆ నవ్వు నీకెలా తెలిసింది?"

ప్రయోంగ్ పక్కకు చూపించాడు. సమ్లీ చేతులు జోడించి, వినయంగా తలవంచింది.

జే లాన్ ఆమెను కాసేపు తేరిపార చూసింది. తర్వాత కుర్రాణ్ణి కేకేసి ముగ్గురికీ బాతు మాంసం నూడుల్స్ తెప్పించింది. గిన్నెలు వచ్చాయి. సమ్లీ ఒకదాన్ని రెండు చేతుల్తో ఎత్తి జే లాన్ ముందు పెట్టింది. "తినండి జే. వేడి చల్లారిపోతుంది." జే లాన్ చేతిలోని నూడుల్స్ పుల్లలు గాల్లోనే ఆగాయి. ప్రయోంగ్ దగ్గి, తన గిన్నెలోంచి ముందుగా ఒక గుక్క తాగి చూపించాడు. అప్పుడు నవ్వింది ఆవిడ, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా. నవ్వాక కూడా గిన్నె మాత్రం మార్చుకుంది.

'అరటితోట కోడలు' రేవుల్లో దొరక్కుండా పోయింది. జే లాన్ మళ్ళీ అచ్చువేసింది. ఆ తర్వాత సమ్లీ ఇక దెయ్యం కాలేదు. అత్తగా, అద్దె ఇంటి ఆవిడగా, జాతకాలు చెప్పే అమ్మగా, ఒకసారి ఒక పెద్ద దొరసానిగా, చంపే వైపే ఉండిపోయింది. చావడం కంటే చంపడంలోనే సుఖముందని, గొంతు నొప్పి పుట్టదని చెప్పేది. రేవదీ పడవ నడిపేవాణ్ణి పెళ్ళిచేసుకుని వెళ్ళేదాకా దెయ్యంగా కొనసాగింది. పెళ్ళి ఫోటోలో ముక్కు సంగతి మాత్రం ఫోటోగ్రాఫర్‌కి ఎవరూ చెప్పలేదు. సమ్లీ వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు సత్తహిప్ రేవులో, నౌకాదళంలో వంటవాడు. సెలవుకి వచ్చి గోల పెట్టాడు. "అమ్మా, నా పెట్టెలో నీ ఫోటో చూసి, పుస్తకంలో అత్తవి నువ్వేనని పట్టేశారు. అప్పట్నుంచి నేను సూపు చేస్తే, ముందు నన్ను తాగమంటున్నారు ఓడలో!"

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శనివారం మాత్రం కడుపునిండా తిని ఇద్దరూ సాయంత్రం పడవెక్కారు. వాన వచ్చి వెలిసింది. బల్లలు తడిగా ఉంటే ప్రయోంగ్ తన తువ్వాలుతో తుడిచి ఆమెను కూర్చోబెట్టాడు. నది మధ్యకు వచ్చేసరికి సమ్లీ ఆయన భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది. ఎదురు బల్ల మీద ఒక ముసలి తాత కోడిపుంజును ఒళ్ళో పెట్టుకుని, దానితోపాటే కునుకుతున్నాడు. ప్రయోంగ్ చెయ్యి ఊరుకోలేదు. జేబులోంచి పెన్సిల్ తీసి, పొట్లం కట్టిన కాగితం మోకాలి మీద పరుచుకుని, భుజం కదలకుండా గీయడం మొదలుపెట్టాడు.

ఆమె ఒక కన్ను తెరిచింది.

"తాత చెవులు ఇంకాస్త పెద్దవి చెయ్యి," అంది. "కోడికి అక్కర్లేదు. నువ్వు ఇద్దరూ నిద్రలో ఏదో వింటున్నట్టు గీశావు. తాతొక్కడే వినాలి."

"కోడికి చెవులుండవే."

"అదే చెబుతున్నా," అని సమ్లీ మళ్ళీ కన్ను మూసుకుంది.